భద్రావతి బొటనవేలు

తెల్లవారి ముఖం కడుక్కుని, మగ్గానికి అగరొత్తి చూపించి దణ్ణం పెట్టుకున్నాక భద్రావతి మొదట చేసే పని ఒకటుంది. ముందురోజు నేసిన గుడ్డ మీద ఎడమచేతి బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుని, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా జరుపుకుంటూ పోతుంది. చంటిబిడ్డకు ఒళ్ళు వెచ్చబడిందేమోనని తల్లి వీపు తడిమి చూసినట్టుంటుంది ఆ తడమడం. పోగు తెగి అతికిన చోట నలుసంత ముడి తగిలినా సరే, వేలు అక్కడే ఆగిపోతుంది. అప్పుడు కళ్ళు తెరిచి, సూదిమొనతో ఆ ముడిని గుడ్డ వెనక్కి తోసి, మిగిలిన కొసను చిన్న కత్తెరతో తీసేసి, మళ్ళీ రుద్ది చూస్తుంది. వేలికి ఏమీ తగలకపోతేనే మగ్గం కింది గుంటలోకి కాళ్ళు దించి నేతకు కూర్చుంటుంది.

ఆ వేలికి ఆ విద్య నేర్పింది ఆమె అత్త వెంకటేశ్వరమ్మ. వేటపాలెం నుంచి చీరాలకు కోడలిగా వచ్చిన కొత్తలో భద్రావతి నేసిన మొదటి చీరను షావుకారు కొట్లో గుమాస్తా వేలితో తడిమి, "ఇక్కడ ముడి ఉందమ్మా" అని పక్కన పెట్టేశాడు. ఆ పూట భద్రావతికి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే అత్త కోడలి చెయ్యి పట్టుకుని, ఆ బొటనవేలు గుడ్డ మీద పెట్టి, దాని మీద తన వేలు పెట్టి, అంచు నుంచి అంచుకు లాక్కెళ్ళింది.

"మన అవస్థ మన దగ్గరే ఉండాలే. రేపు కట్టుకునే ఆడపిల్లకి అదెందుకు తగలాలి?" అంది.

ఆ మాట భద్రావతి మనసులో దిగిపోయింది. ఆ తర్వాత ఆమె చేతి చీర ఏదీ ముడి ఉందని వెనక్కి రాలేదు. పోగు తెగితే వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, కొసకు కొస మెలివేసి అతికిందంటే, అతికిన చోటు ఎక్కడో తర్వాత తనకే తెలిసేది కాదు.

అయితే గుంటమగ్గం పని చేతులతోనే అయ్యేది కాదు. కూర్చున్నంతసేపూ గుంటలో కాళ్ళు పలకలు తొక్కుతూనే ఉండాలి. వానాకాలం వస్తే గుంటలో నీళ్ళు ఊరతాయి, తోడి పోసినా అడుగు తడి ఆరదు. పదహారేళ్ళుగా ఆ చెమ్మలో తొక్కి తొక్కి ఆమె కుడి మోకాలు మొరాయించింది. పొద్దున లేస్తే వాపు, సాయంత్రానికి సలుపు. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "ఇంకా తొక్కావంటే నడవడానికే కష్టమవుద్దమ్మా. కూర్చుని చేసే పని వేరే ఏదన్నా చూసుకో" అంది.

వేరే పని ఏముంది? ఆ దిగులుతో కుంటుకుంటూ వీధిలో వస్తుంటే అంగన్‌వాడీ టీచరమ్మ గుమ్మంలోంచి పిలిచింది. భద్రావతి ఆ దారిన పోతూ పిల్లల ముక్కులు తుడవడం, ఏడ్చేవాళ్ళను ఎత్తుకుని లోపల దించి పోవడం ఆవిడ చాలాకాలంగా చూస్తోంది.

"వచ్చే ఏడు నేను రిటైరవుతున్నా. ఈ పోస్టు నీకొస్తే పిల్లలు సుఖపడతారు భద్రా. కాకపోతే పది పాసవ్వాలి. ముప్పై అయిదు దాటకూడదు" అంది.

భద్రావతి చదువు తొమ్మిదితో ఆగింది. వచ్చే శ్రావణానికి ముప్పై అయిదు దాటతాయి. అయినా ఓపెన్ స్కూల్లో చేరింది. భర్త శివరామకృష్ణ మాటలు తక్కువ మనిషి. "రాయి. మగ్గం సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు, అంతే. తన మగ్గం దిగాక ఆమె మగ్గం ఎక్కి మిగిలిన మూర నేసిపెట్టేవాడు. తెలుగు, సైన్సు, సాంఘికం అన్నీ ఒడ్డెక్కాయి. లెక్కలొక్కటే మిగిలింది. ఒకసారి రాసింది, పోయింది. ఇక మార్చిలో రాసేదే ఆఖరు. అది పోతే పోస్టు వేరేవాళ్ళది, మోకాలు మళ్ళీ గుంటలోకే.

ఆదివారాలు హైస్కూల్లో ఓపెన్ స్కూలు వాళ్ళకు లెక్కలు చెప్పే మాస్టారి పేరు మీరావలి. నెమ్మదస్తుడు. మధ్యాహ్నం నమాజు వేళకు పాఠం ఆపి, "మీరు మంచినీళ్ళు తాగండమ్మా, ఇప్పుడే వస్తా" అని పక్కగదిలోకి వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు ఎండకు ఎదురుగా ఉన్న కిటికీ తలుపు ఒకటి దగ్గరకు వేసి వచ్చేవాడు, ఆ ఎండ ఆడవాళ్ళ కళ్ళలో పడకుండా. ఆ చిన్న పని ఆయన ఏ ఆదివారమూ మరిచిపోలేదు.

భద్రావతి పక్కన కూర్చునేది లక్ష్మీదుర్గ. పర్చూరు దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చేది. మిరపకోతల రోజులు కావడంతో ఆమె వేళ్ళు ఎర్రగా మండుతుండేవి. చేతులు తడిగుడ్డలో చుట్టుకుని పాఠం వినేది.

ఒక ఆదివారం మాస్టారు భద్రావతి పాత పేపరు తిరగేసి చూసి నిట్టూర్చాడు.

"అమ్మా, ఎక్స్‌లూ వైలూ నీకు ఈ జన్మకు లొంగేట్టు లేవు. నేనూ దాచను. నీకు వచ్చిన సులువు లెక్కలతో పాసు మార్కులకు కొంచెం ఇవతలే ఆగిపోతున్నావు. ఆ కొంచెం నిర్మాణాల ప్రశ్నలో ఉంది. కంపాసు, స్కేలు పట్టుకుని గీసేది. అది చేతిపని. చేతిపని నీకు నేనేం చెప్పాలి? అది ఒక్కటి తప్పు లేకుండా గీస్తే గట్టెక్కుతావు."

"అది కూడా గీయలేకపోతేనోండీ?"

"గీస్తావు" అన్నాడు మాస్టారు.

కూతురు భానుశ్రీ ఎనిమిదో తరగతి. దాని జామెట్రీ బాక్సు ఆదివారాలు తల్లి చేతికొచ్చింది. మొదట్లో కంపాసు భద్రావతిని ఏడిపించింది. పెన్సిలు బిగిసేది కాదు. సగం తిప్పేసరికి జారి, గుండ్రం మొదలైన చోటుకి రాకుండా పక్కదారి పట్టేది. పరీక్షలోనూ ఇలా జారితే? మగ్గం పక్కన కింద కూర్చుని, కాగితం మీద కాగితం పాడుచేస్తుంటే నేతలో ఉన్న వెంకటేశ్వరమ్మ చూసి చూసి, అటూ ఇటూ పోగు పరిచే నాడె ఆపింది.

"ఇటియ్యవే."

పెన్సిలు బయటికి లాగి, దాని ఒంటికి నూలుపోగు ఒత్తుగా చుట్టి, కొస ఎక్కడ దూర్చిందో తెలియకుండా దూర్చి, కంపాసులోకి నెట్టి బిగించింది. పెన్సిలు ఇక కదల్లేదు.

"తిప్పు" అంది. భద్రావతి తిప్పింది. గీత వెళ్ళి తాను బయలుదేరిన చోటునే కలుసుకుంది. అత్తాకోడళ్ళిద్దరూ కాసేపు దానివంకే చూశారు.

"ఇంతకీ ఏం చేస్తారే దీంతో?"

"ఒక గీత ఇస్తారు అత్తయ్యా. కొలవకుండా దాని నడిమధ్య కనుక్కోవాలి."

"కొలవకుండానా? దానికి ఇంత హడావిడి దేనికి? గుడ్డ మడిచినట్టు మడిస్తే మధ్య దొరకదూ?"

"కాయితం మడవకూడదంట."

"మడవకూడదు, కొలవకూడదు. మడిగట్టుకుని చెయ్యాలి కామోసు" అని వెంకటేశ్వరమ్మ మళ్ళీ నాడె విసిరింది. కానీ ఆ రోజు నుంచి కోడలు కాగితం ముందేసుకుంటే మగ్గం చప్పుడు కాస్త తగ్గించి నేసేది.

గీత ఈ కొసన కంపాసు ముల్లు గుచ్చి, సగానికి పైగా తెరిచి, పైన ఒక చాపం, కింద ఒక చాపం. తర్వాత ఆ కొసన గుచ్చి, అదే తెరుపుతో మళ్ళీ పైనా కిందా. చాపాలు ఒకదాన్నొకటి కోసుకున్న రెండు చోట్లనూ కలిపితే, ఆ కొత్త గీత పాత గీతను నడిమధ్యన నిలువుగా దాటుతుంది. త్రిభుజానికి రెండు పక్కల అలా చేస్తే, ఆ రెండు గీతలూ ఒక చోట కలుస్తాయి. ఆ కలిసిన చోట ముల్లు గుచ్చి, ఒక మూల దాకా తెరిచి తిప్పితే, గుండ్రం మూడు మూలల్నీ ముట్టుకుంటూ పోతుంది. మొదటిసారి అలా మూడు మూలలూ ముట్టిన పూట భద్రావతి దేవుడి దగ్గర రెండు అగరొత్తులు ఎక్కువ వెలిగించింది.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం మాస్టారు పరీక్ష పెట్టాడు. అందులో ఆ త్రిభుజం, ఆ గుండ్రమే ఇచ్చాడు. భద్రావతి మనసు తేలికపడింది. ఎంతో శ్రద్ధగా గీసింది. గీసినాక కాగితం కాస్త దూరం పెట్టి చూసుకుంది. పైనా కిందా చాపాలు, పొడుగ్గా పోయిన అడ్డగీతలు. చీర మీద కత్తిరించని కొసల్లా కనపడ్డాయి. ఇట్లా ఎట్లా ఇస్తాం మాస్టారికి? రబ్బరు తీసుకుని అన్నీ తుడిచింది. రబ్బరు పొట్టు ఊదేసింది. ఎడమ బొటనవేలితో కాగితం అంతా నిమిరింది. తెల్లటి కాగితం మీద త్రిభుజం, దాని చుట్టూ గుండ్రం, అంతే మిగిలాయి. ఆ చీరాల వీధుల్లో అంత నీటైన బొమ్మ ఎవరూ గీసి ఉండరు.

మాస్టారు కాగితం చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఈ గుండ్రం ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"నేనే గీశానండి."

"ఎట్లా గీశావు?"

"మీరు చెప్పినట్టేనండి."

లక్ష్మీదుర్గ మెడ చాచి చూసి, "గాజు పెట్టి గీసిందేమో మాస్టారూ" అంది. వెనకవాళ్ళు నవ్వారు. భద్రావతి నవ్వలేదు. ఆమె చెవులు వేడెక్కాయి.

మాస్టారు కూడా నవ్వలేదు. "లక్ష్మీదుర్గ ఎగతాళికి అన్నా, పేపరు దిద్దేవాళ్ళు నిజంగా అదే అనుకుంటారమ్మా. చాపాలేవి? అడ్డగీతలేవి? నువ్వు కంపాసుతో మధ్య కనుక్కున్నావా, స్కేలుతో కొలిచి చుక్క పెట్టావా, వాళ్ళకేం తెలుస్తుంది? ఇక్కడ మార్కులు గుండ్రానికి కాదు. దాని దాకా వచ్చిన దారికి. నువ్వు ఆ దారంతా ఊడ్చేశావు."

"నీటుగా ఉంటుందని తుడిచానండి."

"తెలుసు" అన్నాడాయన మెత్తగా. "అయినా నేనిప్పుడు మార్కు వేయలేను. వేస్తే నీకు మేలు చేసినవాణ్ణి కాను."

కాగితం మీద సున్నా వేసి, ఆ సున్నాను చేత్తో కప్పి, మడిచి ఇచ్చాడు, పక్కవాళ్ళకు కనపడకుండా.

బస్టాండు దాకా లక్ష్మీదుర్గ ఆమె పక్కనే నడిచింది. మిరపకాయల బస్తాలతో గుంటూరు యార్డుకు పోతున్న లారీ ఘాటు ముక్కుకు తగిలి ఇద్దరూ తుమ్మారు.

"నామీద కోపమొచ్చిందా వదినా?"

"నీమీద కోపమేంటి. నాకు నామీదే భయంగా ఉంది."

"భయమేంటి? రబ్బరు పట్టుకెళ్ళబాక, సరిపోద్ది. నేను చూడు, కాయ కోసి కోసి ఏది ముట్టుకున్నా మంటే. నా వేళ్ళకి గీత తిన్నగా వచ్చిందో లేదో కూడా తెలీదు. నీకు తెలిసేది ఎక్కువై బాధ" అంది. బస్సు ఎక్కాక కిటికీలోంచి కొరివికారం పచ్చడి సీసా ఆమె చేతికందించింది. పొద్దుటినుంచి ఇవ్వాలని సంచిలో పెట్టుకుని తిరుగుతోందట.

రబ్బరు లేకపోతే సరిపోతుందని భద్రావతి కూడా అనుకుంది. ఇంటికి రాగానే రబ్బరు అత్త చేతిలో పెట్టి, సంగతంతా చెప్పింది. వెంకటేశ్వరమ్మకు మాస్టారి మీద ఒళ్ళు మండింది.

"ఇదేం చదువే? ఊడ్చి చూపించిన ఇల్లు పనికిరాదు, చెత్తతో సహా చూపించమనా?"

"అట్లాగే ఉండాలంట అత్తయ్యా."

ముసలామె గొణుక్కుంటూనే రబ్బరును రొంటిన దోపుకుంది. "ఇక నా ప్రాణం పోయినా నీకియ్యను" అంది.

అసలు భయం అప్పుడు మొదలైంది. రబ్బరు లేని మొదటి పూటే, గుండ్రం తిరగడం పూర్తయ్యేసరికి భద్రావతికి చాపం మీద నల్లటి మరక కనపడింది. ఎడమచేతి బొటనవేలు చూసుకుంది. వేలికొస పెన్సిలు నలుపుతో మెరుస్తోంది. తాను అనుకోకుండానే, కాగితం పట్టుకున్న ఎడమచెయ్యి జరిగి, బొటనవేలు ఆ చాపాన్ని రుద్దేసింది. ఎప్పుడు రుద్దిందో ఆమెకే తెలియదు.

మళ్ళీ గీసింది. ఈసారి వేలిని కనిపెట్టుకుని ఉంది. వేలు కదల్లేదు గానీ, వేలిమీదే కన్నుండేసరికి ముల్లు జరిగి చాపాలు కలవలేదు. చేతిమీద చూపుంటే గీత పోతోంది, గీతమీద చూపుంటే చెయ్యి పోతోంది. చెయ్యి వెనక్కి పెట్టుకుంటే కాగితం కదిలిపోతోంది. పడుగులో పోగు ఎక్కడ వదులైందో వెయ్యి పోగుల్లోంచి పట్టుకునే వేలు అది. ఇన్నేళ్ళు ఆమెకు అన్నం పెట్టింది. దాన్నే ఇప్పుడు దొంగను కాపలా కాసినట్టు కాయాల్సి వస్తోంది.

మాస్టారితో చెప్పుకుంది. ఆయన ఆలోచించి, "రోజూ గీస్తూ ఉండమ్మా, అదే అలవాటవుతుంది" అన్నాడు. కానీ ఆయన గొంతులోనూ ధీమా లేదని ఆమెకు తోచింది. మార్చి దగ్గర పడేకొద్దీ ఆమె సరిగా తినడం మానేసింది. అన్నం కలుపుతూ కలుపుతూ కంచంలో బొటనవేలితో అటూ ఇటూ రుద్దుతూ ఉండిపోయేది. పొద్దున గుడ్డ తడిమేటప్పుడు కూడా ముందుటి నెమ్మది పోయింది. దేవుడికి దణ్ణం పెట్టుకుంటే పాసు చెయ్యమని అడగబుద్ధయ్యేది కాదు. "ఆ ఒక్క పూట నా వేలు నిలపెట్టు తండ్రీ" అని అడిగేది.

వెంకటేశ్వరమ్మ ఇదంతా మగ్గం మీంచి చూస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం గుంటలోంచి లేచొచ్చి, కోడలి పక్కన చతికిలబడి, గీసిన కాగితం ఒళ్ళో పెట్టుకుంది. సగం చాపాలు మసకలైపోయి ఉన్నాయి.

"ఈ వంకరగీతలు రెండూ కోసుకున్న చోటేనా నీకు కావలసింది?"

"అవునత్తయ్యా. అదే ఆనవాలు."

"అంటే పోగు అతికిన చోటన్నమాట."

"అవును."

"అతుకు ఎక్కడుందో చూసేవాళ్ళకి తెలియాలి. అంతేనా?"

భద్రావతి తలూపింది. ముసలామె కోడలి ఎడమచెయ్యి తీసుకుని ఆ బొటనవేలు వత్తి చూసింది.

"పాపం దీని తప్పేముందే. నేనే మప్పా దీనికి. నీ మాట వినదు ఇది, ఊరుకో" అంది. లేచి మళ్ళీ మగ్గం దగ్గరకు పోయింది.

పరీక్ష రోజు పొద్దున భద్రావతి మగ్గానికి దణ్ణం పెట్టింది గానీ గుడ్డ తడమలేదు. పెళ్ళయి వచ్చాక మొదటిసారి తడమడం మానేసింది. వేలికి ఆ స్పర్శ గుర్తు చేయడం ఇష్టం లేకపోయింది. శివరామకృష్ణ పెన్సిళ్ళు రెండు చెక్కి పెట్టాడు. భానుశ్రీ తన బాక్సు తెచ్చి, "పాసయ్యాకన్నా నాది నాకిస్తావా అమ్మా?" అంది. ఆటో వీధిచివరకు వచ్చి హారన్ కొట్టింది.

అప్పుడు వెంకటేశ్వరమ్మ లోపల్నుంచి పాత పంచెగుడ్డ పీలిక పట్టుకొచ్చింది. కోడలి ఎడమ బొటనవేలి చుట్టూ ఒత్తుగా చుట్టి, పైన పెద్ద ముడి వేసింది. దాచకుండా, రెండు కొసలూ బయటికి వేలాడేట్టు వేసింది.

"ఇక దానికేమీ తెలీదు. పో" అంది.

ఆటోలో భద్రావతి వేలితో చీరకుచ్చిళ్ళు తడిమి చూసుకుంది. నిజమే, ఏమీ తెలియలేదు. కొన్ని వారాల తర్వాత మొదటిసారి ఆమెకు గాలి ఆడినట్టయింది.

పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం కళ్ళకద్దుకుని తెరిచింది. వచ్చిన లెక్కలు ముందు చేసుకుంది. రానివి వదిలేసింది. చివర నిర్మాణాల్లో ఆమె ఎదురుచూసిందే ఉంది, ఒక త్రిభుజం, దాని మూడు మూలల్నీ తాకే వృత్తం. కంపాసు తీసి పెన్సిలు బిగిస్తుండగా బల్ల పక్కన నీడ పడింది.

కాపలాకి ఉన్న మేడమ్ చిన్నవయసు మనిషి. ఏదో పల్లె బడి నుంచి డ్యూటీకి వచ్చింది. గొంతు పెంచకుండానే అడిగింది.

"వేలికి ఏమైందమ్మా?"

"ఏం కాలేదండి."

ఆ జవాబు తప్పని నోటినుంచి వచ్చాక తెలిసింది. దెబ్బ తగిలిందని అబద్ధం చెప్పడం ఆమెకు తోచలేదు.

"ఏం కాకపోతే గుడ్డ దేనికి? ఇందాక స్క్వాడ్ వాళ్ళు పక్కగదిలో ఒకరి దగ్గర చీటీ పట్టుకున్నారు. ఏమనుకోవద్దు, విప్పి చూపించండి."

భద్రావతి కొసలు పట్టి లాగింది. ముడి రాలేదు. మేడమ్ వంగి తనే విప్పింది, పీలికను విదిలించి చూసింది. ఏమీ లేదు. కాస్త నొచ్చుకున్నట్టు దాన్ని బల్ల మీద పెట్టి, "రాసుకోండమ్మా" అని ముందుకు వెళ్ళింది.

బొటనవేలు బయటపడింది. చుట్టిన చుట్టలు దానిమీద అచ్చుపడి, అది తెల్లగా పాలిపోయి ఉంది. భద్రావతి కుడిచేత్తో పీలిక చుట్టుకోవడానికి చూసింది. ఒంటిచేత్తో ముడి పడలేదు. కొస పళ్ళతో పట్టి లాగింది. జారిపోయింది. పక్క బల్లవాళ్ళు చూస్తున్నారు. గోడ మీద గడియారం ముల్లు తొందరపెడుతోంది. చివరికి పీలిక వదిలేసి, గుండె దిటవు చేసుకుని గీయడం మొదలుపెట్టింది.

త్రిభుజం వచ్చింది. ఒక పక్కకు పైనా కిందా చాపాలు వచ్చాయి, కోసుకున్నాయి. అడ్డగీత వచ్చింది. రెండో పక్కకు కూడా వచ్చాయి. రెండు గీతలూ కలిసిన చోట ముల్లు గుచ్చి, మూల దాకా తెరిచి, ఊపిరి బిగబట్టి తిప్పింది. పెన్సిలు మొదటి మూల దాటి, రెండో మూల మీదుగా, మూడో మూలను ముట్టుకుని, బయలుదేరిన చోటికి వచ్చి కలిసింది. అత్త చుట్టిన నూలు వెంట్రుకవాసి కూడా వదలలేదు.

ఇంకా చిన్న ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. దానివంక చూస్తూ కాగితం సవరించుకుంది. చూపు తిప్పేసరికి పైన ఉన్న చాపం కొస నల్లగా మసకబారి ఉంది.

వేలు చూసుకుంది. కొస మెరుస్తోంది.

చాపాలు కోసుకున్న చోటు ఇంకా పోలేదు. దాని పక్కనే ఆగింది. కానీ వేలు కాగితం మీదే ఉంది, వెచ్చగా, పనిలో ఉన్నట్టు. కుడిచేత్తో దాన్ని పట్టుకుని బల్ల మీంచి లేపి ఒళ్ళో పెట్టుకుంది. ఒళ్ళో పెట్టుకుంటే మిగిలిన ప్రశ్నకు కాగితం ఎవరు పట్టుకుంటారు? ఇంకా బెల్లు కొట్టలేదు. కొట్టేదాకా ఈ చెయ్యి తనది కాదు.

ఆ పరీక్ష ఆమె పాసైంది. వేసవి చివర ఫలితాలు వచ్చాయి. ఇప్పుడు ఆ వీధి పిల్లలు ఆమెను టీచరమ్మా అని పిలుస్తారు, ఆమె కింద చాప మీద కాలు చాపుకుని కూర్చుని వాళ్ళకు పాటలు చెబుతుంది. పరీక్ష సంగతి ఎవరైనా ఎత్తితే మార్కుల మాట చెప్పదు, ఆ మేడమ్ మాటే చెబుతుంది. దేవుడు ఎవరి చేత ఏ పని చేయిస్తాడో అంటుంది. అయితే అదంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున ఆ బల్ల దగ్గర ఆమెకు తెలిసింది ఒక్కటే, తన వేలు తన మాట వినదని.

మేడమ్ మళ్ళీ ఆ వరుసలోకి వచ్చింది. భద్రావతి లేచి నిలబడింది. మోకాలు కలుక్కుమంది. ఎడమచెయ్యి ముందుకు చాపి, కుడిచేత్తో ఆ పంచెగుడ్డ పీలిక ఆవిడకు అందించింది.

"అమ్మా, మీకు పుణ్యముంటుంది. ఈ గుడ్డ మళ్ళీ ఇట్లాగే కట్టిపెడతారా? ముడి పైకి కనపడేట్టు, కాస్త గట్టిగా వెయ్యండి."